ముళ్లు తీసిన పిస్తోలు

సాంతా క్లారా, లగూనా
1993 ఫిబ్రవరి 7, ఆదివారం

గౌరవనీయులైన తీయో ఒమ్మోంగ్‌కి,

దూరం నుంచే దీవెన కోరి, మీ చెయ్యి నా నుదుటికి ఆనించుకున్నట్టు తలచి రాస్తున్నాను. అమ్మ పోయిన ఈ నాలుగేళ్లలో ఆమె ఒక్కగానొక్క తమ్ముడికి నేను రాసినవి రెండే, రెండూ క్రిస్మస్ కార్డులు. కాబట్టి ఏదో అవసరం పడి రాసిందని మీరు అనుకుంటారు. నిజమే.

అమ్మ పెళ్లికి మీరు నాన్నకు ఇచ్చిన పిస్తోలు సంగతి ఇది. ఇరవై నాలుగేళ్లు బీరువాలోనే ఉంది. నవంబరు నుంచి నాన్న దాన్ని నడుముకు కట్టుకుంటున్నారు. అనుమతి కాగితం ఉంది. మునిసిపల్ హాలుకు వెళ్లేటప్పుడు కుడివైపు, కాస్త వెనగ్గా, తోలు ఒరలో పెట్టి పైన బరోంగ్ చొక్కా వేసుకుంటారు. ఇంటికి రాగానే తీసి బల్ల మీద పెడతారు. పళ్లెం పెట్టే చోటికి దూరంగా పెడతారు.

తీయో, అది బట్టల్ని తినేస్తోంది. వెనక పొడుచుకు వచ్చే సుత్తి ఒక చోట, గురి చూసే గాడి మూలలు రెండు చోట్ల. ఎప్పుడూ అవే మూడు చోట్లు. మొదట దారం లేస్తుంది. తర్వాత బట్ట పల్చబడుతుంది. మూడో వారానికి చింతగింజంత కన్నం. రోజువారీ నూలు బరోంగ్‌లు నాలుగూ రఫూ చేశాను. రఫూ మీద రఫూ నిలవదు.

ఐదోది అమ్మ చేతిపనిది. అనాస నార బట్ట, ఊపిరి తగిలితే కదిలేంత పల్చన. జూన్ 9న ప్రావిన్సు కేంద్రంలో ఒక విచారణ ఉంది. దానికి అదే వేసుకుంటానని నాన్న అంటున్నారు. ఒక్క పూట చాలు, అమ్మ ఏడు నెలలు కుట్టిన పువ్వులు చిరిగిపోవడానికి.

మీరు ముప్పై ఏళ్లుగా పిస్తోళ్ల పనిలో ఉన్నారు. అది బట్టకు గీసుకోకుండా నునుపు చెయ్యడం కుదురుతుందా? నేను రాస్తున్నట్టు నాన్నకు తెలియదు.

సిస్టర్ బెనిల్డా నన్ను బడి లైబ్రరీలోనే ఉంచారు. పుస్తకాలకు అట్టలు వేస్తాను. ఎవరితోనూ ఎక్కువ మాట్లాడే పని లేదు. హాయిగా ఉంది.

మీ మేనకోడలు
పెర్పెతువా


దనావ్, సెబు
ఫిబ్రవరి 20

ఇందాయ్ పెతాంగ్,

నీ ఉత్తరం చూడగానే మీ అత్త ఏడుపు అందుకుంది. "ఆ పిల్ల ఊరికే రాయదయ్యా, ఎవరో పోయారు" అంది. చదివాను. "పోయింది చొక్కానట" అన్నాను. గరిటెతో నెత్తిన ఒకటి వేసింది. ఆ వాపు ఇంకా ఉంది.

ముందు ఇది చెప్పు. బావకు పొట్ట వచ్చిందా? పొట్ట పెరిగితే బెల్టు కిందికి జారుతుంది, ఒర పక్కకు వాలుతుంది, సుత్తి బట్టలోకి పొడుచుకుంటుంది. పొట్ట కాకపోతే షోకు. కౌన్సిలర్ అయ్యాడు కదా! లోపలి బనియను కనబడే బట్ట కింద పాయింట్ నలభై ఐదు పిస్తోలు. ఊరంతా చూడాలనేగా? ఇక్కడ మేం పొద్దున లేస్తే వీటినే చేస్తాం, ఒక్కడు కట్టుకోడు. వంటవాడు గరిటె నడుముకు కట్టుకుని బజారుకు వెళ్తాడా? (మీ అత్త వెళ్తుంది, అది వేరే సంగతి.)

పని సంగతి అడిగావు. కుదురుతుంది. దాన్ని మేం "ముళ్లు తీయడం" అంటాం. కొత్త పిస్తోలు కొత్త సబ్బులాంటిది, మూలలన్నీ గుచ్చుకుంటాయి. దాన్ని నెల వాడిన సబ్బులా చెయ్యాలి. ఆకురాయితో ఓ రోజు, గరుకు కాగితంతో ఓ రోజు, ఆపైన మళ్లీ నల్లరంగు. సుత్తి తోక పూర్తిగా కొయ్యకూడదు, బొటనవేలికి పట్టు కావాలి. ఓపికతో గుండ్రం చెయ్యాలి.

కుదురుతుంది గానీ చెయ్యను. చొక్కా నలగకూడదని ఇనుమును అరగదీయించుకునే మగాళ్లని చూసి మా కార్ఖానాలో నవ్వుకుంటారు. బావను మందపాటి జీన్ చొక్కా వేసుకోమను. అక్క బరోంగ్‌ని గాజు పెట్టెలో పెట్టు.

ఎండు మామిడి పంపుతున్నా. అంతా నువ్వే తిను. బావకు అడిగితేనే పెట్టు.

మీ తీయో,
ఒమ్మోంగ్


సాంతా క్లారా
మార్చి 5, శుక్రవారం

గౌరవనీయులైన తీయో,

మామిడి అందింది. నాన్న అడగలేదు, నేనే పెట్టాను. ఆయనకు పొట్ట రాలేదు. తొమ్మిది కిలోలు తగ్గారు. బెల్టుకు నేనే మేకుతో రెండు కన్నాలు పొడిచాను.

మొదటి ఉత్తరం నేను సరిగ్గా రాయలేదు. అడగాల్సింది చొక్కా వెనక దాచాను. మళ్లీ రాస్తాను.

మా సరస్సులో ఇక్కడి పెద్ద ఆసామి దోన్ అర్కాదియో వెదురు కంచెలు వేసి చేపలు పెంచుతున్నాడు. అనుమతి ఉన్నదానికి నాలుగింతలు వేశాడు. మా రేవు నుంచి లోతు నీళ్లలోకి పోవాలంటే ఇప్పుడు కంచె చుట్టూ రెండు గంటలు తెడ్డు వెయ్యాలి. నాన్న పోయిన ఏడు పడవలో తిరిగి, తాడుతో కొలిచి, కంచెలన్నీ కాగితం మీద గీశారు. విచారణ దాని మీదే. కాగితం మీద సంతకం నాన్నది ఒక్కటే. చేపలు పట్టేవాళ్లు ఇంకెవరూ పెట్టలేదు. అందుకే ఆ పిస్తోలు.

జనవరి 16న కవరు వచ్చింది. నాన్న పేరు మీద కాదు, నా పేరు మీద. అక్షరాలు గుండ్రంగా, మా బడిలో నేర్పినట్టే ఉన్నాయి. లోపల ఉత్తరం లేదు. ఒక నల్ల పిన్ను ఉంది. అమ్మ పోయినప్పుడు ఏడాదిపాటు ఎడమ రొమ్ము మీద పెట్టుకున్నానే, అలాంటిది. కొత్తది.

ఎవరి కోసం నేను దాన్ని పెట్టుకోవాలో వాళ్లు రాయలేదు. రాయనక్కర్లేదు.

నాన్నకు చూపించలేదు. చూపిస్తే విచారణ మానేస్తారని భయం. మానెయ్యరేమోనని కూడా భయం.

ఇంకొకటి. పోయిన ఆదివారం పూజ అయ్యాక ఆయన గదిలో అద్దం ముందు నిలబడ్డారు. తలుపు కొంచెం తెరిచి ఉంది. చెయ్యి బరోంగ్ కిందికి పోనిచ్చి పిస్తోలు బయటికి లాగారు. సుత్తికి బట్ట చిక్కుకుంది. చేతితోపాటు బట్ట కూడా పైకి వచ్చింది. మళ్లీ లాగారు. మళ్లీ చిక్కుకుంది. మూడోసారీ అంతే. నేను వరండాలో లోలోపల మరియ జపం మొదలుపెట్టాను. పిస్తోలు బయటికి వచ్చేసరికి జపం సగం అయింది.

తీయో, సగం జపం చాలా సేపు. ఆ బట్టల కన్నాలు రోజూ కుడుతున్న దాన్ని, నాకు ఆ సంగతి ముందే తెలియాల్సింది.

దయచేసి ముళ్లు తియ్యండి.

పెర్పెతువా


దనావ్
మార్చి 17

ఇందాయ్,

నేను గాడిదను. ఈ మాట రాయమన్నది మీ అత్త. రాశాక చదివి వినిపించమంది. వినిపించాను.

ఈ నెల 30న ఓడలో మనీలా వస్తున్నాను. మా సరుకు తీసుకునే లైసెన్సు కొట్టు ఉంది, దాని వెనక గదిలో బల్ల, ఇనుమును బిగించే పట్టుకొయ్య అన్నీ ఉన్నాయి. బుధవారం బావను పిస్తోలు, కాగితాలు తీసుకుని రమ్మను. కొట్టు చిరునామా కింద రాశాను.

అమ్మ బరోంగ్ పాడవకుండా అని చెప్పు. ఆయన ఒప్పుకునేది ఆ ఒక్క మాటకే. అద్దం సంగతి ఎత్తకు. ఇనుము ముందు ఓడిపోవడం కూతురు చూసిందని తెలిస్తే మగవాడు కృంగిపోతాడు.

పిన్ను మాత్రం చూపించు. నువ్వు దాచినంత మాత్రాన అది పంపినవాడు మర్చిపోడు. ఇంట్లో ఒంటరిగా ఉండకు. బడి అయ్యాక సిస్టర్ల దగ్గరే ఉండు.

ఒమ్మోంగ్


సాంతా క్లారా
ఏప్రిల్ 12, ఈస్టర్ మర్నాడు

గౌరవనీయులైన తీయో,

పండుగ శుభాకాంక్షలు. మీరిద్దరూ కలుసుకున్నారని నాన్న తెచ్చిన ఎండుచేపల పొట్లం చూస్తే తెలిసింది. ఏం మాట్లాడుకున్నారంటే "పని బాగా చేశాడు" అన్నారు. ఇంకా అడిగితే "చేప వేయించు" అన్నారు.

ఆయన స్నానానికి వెళ్లినప్పుడు పిస్తోలు ముట్టుకున్నాను. ఇరవై మూడేళ్లలో మొదటిసారి. గుళ్లు తీసేసి బల్ల మీద పెట్టి ఉంది. అమ్మ అనాస నార రుమాలు దాని మీద వేసి మెల్లగా లాగాను. ఎక్కడా ఆగలేదు. వాగులో ఏళ్లకేళ్లు పడి ఉన్న రాయిలా ఉంది. మీ చేతిలో అంత మెత్తదనం ఉందని నాకు తెలియదు.

శనివారం మళ్లీ అద్దం ముందు నిలబడ్డారు. నేను మళ్లీ వరండాలో ఉన్నాను. "మరియా" అనేలోపు పిస్తోలు బయట ఉంది.

పిన్ను చూపించలేదు. క్షమించండి. దారాల డబ్బాలో అడుగున ఉంది. పండుగ దాటనీ అనుకున్నాను.

ఒక్కటి అడుగుతాను, కోపగించుకోకండి. మీరు, నాన్న ఎందుకు మాట్లాడుకోరు?

పెర్పెతువా


దనావ్
ఏప్రిల్ 24

ఇందాయ్ పెతాంగ్,

అడిగావు కాబట్టి చెబుతున్నా. అక్క శవపేటిక దగ్గర నేను బావతో "నీ చేతిలో పెట్టాను, ఇదా చేశావు" అన్నాను. అక్కది కిడ్నీల జబ్బు. బావ చేసిందేం లేదు, వైద్యానికి ఉన్నదంతా అమ్మిందే తప్ప. నా నోరు అలాంటిది. నాలుగేళ్లుగా ఆ మాట వెనక్కి తీసుకోవాలని చూస్తున్నా. పిస్తోలుకైతే ముళ్లు తీస్తాను. నోటికి తీసే ఆకురాయి ఇంకా ఎవరూ చెయ్యలేదు.

ఆ వెనక గదిలో రెండు రోజులు ఏం జరిగిందో విను. నేను అరగదీశాను, ఆయన కుర్చీలో కూర్చుని చూశాడు. "బావా, ఫ్యాను తిప్పనా?" "వద్దు." "బావా, నీళ్లు?" "ఉన్నాయి." సన్యాసుల మఠంలో కూడా ఇంతకంటే ఎక్కువ మాట్లాడతారు. చివర్న పిస్తోలు చేతిలో పెట్టి "చెంపకు రాసుకుని చూడు, మీ ఆవిడ చెయ్యిలా ఉంటుంది" అన్నా. ఇదిగో, మళ్లీ నోరు. ఆయన మాత్రం కోపగించుకోలేదు. చాలాసేపు దాన్ని అటూ ఇటూ తిప్పి "ఇప్పుడు జనం పక్కన కూర్చుంటారా?" అని అడిగాడు. ఇదేం జోకని "అత్తరు పుయ్యలేదు బావా" అన్నా. నవ్వలేదు. మీ లగూనా వాళ్లకు జోకు వెయ్యడమూ రాదు, నవ్వడమూ రాదు.

చొక్కాలు చూస్తూ ఉండు. ఇంకా ఎక్కడైనా గీసుకుంటే రాయి, సరిచేస్తాను. పిన్ను చూపించు. రెండోసారి చెబుతున్నా.

ఒమ్మోంగ్


సాంతా క్లారా
మే 14, శుక్రవారం

గౌరవనీయులైన తీయో,

మీకు కృతజ్ఞత ఎలా చెప్పాలో తెలియక ఈ ఉత్తరం మూడుసార్లు మొదలుపెట్టాను.

నాలుగు వారాల పైనే అయింది. శనివారం శనివారం బరోంగ్‌లు ఉతికాక కిటికీ వెలుగులో పట్టుకుని చూస్తాను. ఒక్క దారం లేవలేదు. ఒక్క గీత లేదు. నా పాత రఫూలు పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి. నాలుగు చొక్కాలూ తెల్లగా, ఎవరూ వేసుకోనట్టు ఉన్నాయి. మీ చేతిపనిని సిస్టర్ బెనిల్డాకు చెప్పాలని ఉంది కానీ పిస్తోలు అన్న మాట ఆవిడ ముందు నా నోట రాదు.

నాకు నిద్ర పడుతోంది. నాన్న కూడా రెండు కిలోలు పెరిగారు. సాయంత్రాలు చర్చి మెట్ల మీద కూర్చుని వస్తున్నారు. రేవులో చేపలు పట్టేవాళ్లు, వాళ్లలో నెమెసియో, అతని తోడల్లుళ్లు అందరూ అక్కడే ఉంటున్నారు. పడవలో కూడా ఇద్దరు ముగ్గురు తోడు వెళ్తున్నారు. విచారణకు సాక్ష్యం చెప్పేందుకు ఇరవై ఆరుగురు పేర్లు ఇచ్చారు. నడుము దగ్గర అంత ధైర్యం ఉంటే చుట్టూ మనుషులు చేరతారేమో.

జూన్ 9న అమ్మ బరోంగే. నిన్న తీసి మడతలు విప్పాను. ఇక దానికి భయం లేదు.

ఇంట్లో చెప్పుకోదగ్గ విశేషాలు లేవు. కుట్టుమిషను కింది అర బిగుసుకుపోయింది, రావడం లేదు. నాన్న నూనె వేస్తానన్నారు, వెయ్యలేదు.

అత్తకు నా నమస్కారాలు.

పెర్పెతువా


దనావ్
మే 26

ఇందాయ్,

ఈ కాగితం మనీలాకు విమానంలో వెళ్తున్న మా యజమాని చేతికి ఇస్తున్నాను. అక్కడ దిగగానే పోస్టులో వేస్తానన్నాడు. అందగానే చదువు. నిలబడి కాదు, కూర్చుని చదువు.

ఒక్క గీత లేదని రాశావు. నేను మురిసిపోయి కార్ఖానాలో నలుగురికి చదివి వినిపించాను. మా పెద్దమేస్త్రీ కళ్లజోడు తీసి "ఒక్క మరక కూడా లేదా?" అని అడిగాడు. అప్పుడు నీ ఉత్తరం మళ్లీ మొదటి నుంచి చదివాను.

నేను కొత్త నల్లరంగు వేశాను. కొత్త రంగు మొదటి నెలంతా బట్టకు అంటుతుంది, బూడిద చారలా. నూనె పూసిన ఇనుము నూనె మరక పెడుతుంది. మే నెల ఉక్కలో చెమట పట్టే నడుము మీద నాలుగు వారాలు ఇనుము ఉంటే తుప్పు చారైనా పడాలి. నేను ముళ్లు తీశాను గానీ ఇనుమును గాలిగా మార్చలేదు. ఎంత నునుపు చేసినా అది కిలో పైన బరువు, బట్టను లోపలి నుంచి రుద్దుతూనే ఉంటుంది. చింపదు, అంతే.

బట్ట అంత తెల్లగా ఉందంటే నా చెయ్యి మంచిదని కాదు, ఇందాయ్. బావ దాన్ని కట్టుకోవడం లేదు.

ఎందుకో నాకు తెలియదు. నేను ముట్టుకున్నానని రోషమా? అమ్మేశాడా? ఎవరైనా పట్టుకుపోయారా? పిన్ను పంపినవాడు చూసేది ఆ నడుము వైపే. అక్కడ ఏమీ లేదని పల్చటి బట్టలోంచి వాడికి కనబడుతుంది.

9వ తేదీలోపు పిస్తోలు వెతుకు. కనబడితే ఆయన నడుముకు నువ్వే కట్టు. మాట్లాడటానికి సిగ్గనుకోకు. సిగ్గుపడే రోజులు తర్వాత బోలెడు ఉంటాయి.

ఒమ్మోంగ్


సాంతా క్లారా
జూన్ 10, గురువారం

గౌరవనీయులైన తీయోకి, అత్తకి,

నాన్న క్షేమం. ఆ మాట ముందు రాయకపోతే అత్త కింది దాకా చదవలేరు.

మీ ఉత్తరం 4వ తేదీన అందింది. మీరు చెప్పినట్టు కూర్చునే చదివాను. కూర్చున్నది కుట్టుమిషను ముందు. చదవడం అయ్యాక కింది అర వైపు చూశాను. బిగుసుకుపోయిన అర కాదది. తాళం వేసి ఉంది. తాళంచెవి అమ్మ జపమాల పెట్టెలో దొరికింది.

లోపల పిస్తోలు ఉంది. అమ్మ రుమాలులో చుట్టి ఉంది. రుమాలు మీద బూడిద చార ఉంది, మీరు రాసినట్టే. దాని పక్కన నల్ల పిన్ను.

దారాల డబ్బా తీసి చూశాను. అడుగున ఏమీ లేదు.

నాన్నను నేను ఎప్పుడూ ఏదీ నిలదీసి అడగలేదు. మధ్యాహ్నం ఆయన అన్నానికి వచ్చేసరికి పిస్తోలు, పిన్ను, మీ ఉత్తరం మూడూ బల్ల మీద వరసగా పెట్టాను. పళ్లెం పెట్టలేదు. ఆయన చూసి టోపీ తీసి కూర్చున్నారు.

"ఎప్పటి నుంచి?" అన్నాను.

"ఈస్టర్ మర్నాటి నుంచి."

అది నేను మీకు వాగులో రాయి అని రాసిన రోజు.

"బొత్తాం ఊడితే దారం కోసం డబ్బా తీశాను" అన్నారు. "నీ పేరు మీద వచ్చిందని అప్పుడు తెలిసింది. ఇంట్లో ఉండేది నువ్వు కదా. అందుకని ఇది నీ దగ్గరే ఉండాలనుకున్నాను. ఎలా పట్టుకోవాలో చూపిద్దామని ప్రతి ఆదివారం అనుకున్నాను. నా కూతురి చేతికి దీన్ని ఇవ్వడానికి నాకు చెయ్యి రాలేదు."

"మరి మీకు?"

ఆయన టోపీని ఒళ్లో పెట్టుకున్నారు. తర్వాత ఇలా అన్నారు. వీలైనంత వరకు ఆయన మాటల్లోనే రాస్తున్నాను.

"నవంబరు నుంచి నా పడవ ఎవడూ ఎక్కలేదే. చర్చిలో నా బెంచీ మీద ఎవరూ కూర్చోలేదు, చూడలేదూ? మనిద్దరమే. పిస్తోలు కట్టుకున్నాడంటే వాడి కోసం ఎవరో వస్తున్నారని అర్థం. వచ్చినవాడి గురి తప్పితే పోయేది పక్కవాడు. నేనైనా కూర్చోను. ఒమ్మోంగ్ దాన్ని అంత నునుపు చేశాక బయటికి కనబడదేమో, జనం పక్కకు వస్తారేమో అనుకున్నా. గుడ్ ఫ్రైడే ఊరేగింపులో కూడా నా చుట్టూ రెండు మూరల ఖాళీ. తీసేసిన మూడో రోజున నెమెసియో వచ్చి మెట్ల మీద కూర్చుని 'కౌన్సిలర్ గారూ, ఓ సిగరెట్టు ఉందా' అన్నాడు. ఐదు నెలలకు మొదటి మాట. నేను సిగరెట్టు కాల్చనని వాడికి తెలుసు."

అక్కడ నాకు నవ్వు, ఏడుపు కలిసి వచ్చాయి.

నడుము దగ్గర ధైర్యం చూసి మనుషులు చేరారని నేను మీకు రాశాను. ఆ వాక్యం కొట్టెయ్యండి.

మీ ఉత్తరం చదివి వినిపించాను. "వాడు చెప్పింది నిజం, కానీ ఇరవై ఆరుగురు నా ఖాళీ నడుము చూసే పేర్లిచ్చారు" అన్నారు. నేను పిస్తోలు తీసి ఆయన వైపు జరిపాను. మీరు కట్టమన్నారు కదా. ఆయన దాన్ని నా వైపు జరిపారు. "నీకు కావాలా?" అన్నారు. "వద్దు" అన్నాను. "నాకూ వద్దు." అది బల్ల మధ్యలో ఉండిపోయింది. దాన్ని దాటించి ఆయనకు అన్నం పెట్టాను.

నిన్న పొద్దున అమ్మ బరోంగ్ నేనే తొడిగాను. లోపలి బనియను, బెల్టు, బెల్టుకు నేను పొడిచిన రెండు కన్నాలు, అన్నీ బట్టలోంచి కనబడుతున్నాయి. ఇంకేమీ లేదని కూడా కనబడుతోంది. "నేనూ వస్తాను" అన్నాను. ఆయన వద్దనలేదు. వద్దంటారని చాలా సమాధానాలు తయారుచేసుకున్నాను, అన్నీ మిగిలిపోయాయి.

పదకొండు పడవలు వెళ్లాయి. కంచెల పక్కనుంచే పోయాం. కాపలా గుడిసెల్లో మనుషులు లేచి నిలబడి చూశారు. నెమెసియో ఒక్కడు "బాంగుస్ చేప బాగా బలిసిందిరోయ్, మనకంటే బాగా తింటోంది" అన్నాడు. ఎవరూ నవ్వలేదు. కాసేపయ్యాక ఒకాయన నవ్వాడు, అప్పుడు అందరూ నవ్వారు.

రేవు నుంచి హాలుకు నడక దారి. ఎడమవైపు గోడ, కుడివైపు రోడ్డు. నేను నాన్నకు కుడివైపు, రోడ్డు వైపు నడిచాను. ఎందుకో ఆయనకు తెలుసు. నన్ను అటు మార్చబోయారు, నేను మారలేదు. మిగతావాళ్లు వెనక, ముందు, కలిసే ఉన్నారు.

పోస్టాఫీసు మలుపు దగ్గర మోటారుసైకిలు వచ్చింది. ఇద్దరు. వెనకవాడి చెయ్యి ఒళ్లో ఉన్న సంచిలో ఉంది. బండి మా పక్కకు వచ్చేసరికి నెమ్మదించింది. వెనకవాడు నాన్న నడుము వైపు చూశాడు. తర్వాత నా వైపు చూశాడు. తర్వాత వెనక వస్తున్నవాళ్ల వైపు, ఒక్కొక్కరినీ లెక్కపెడుతున్నట్టు. నేను జపం మొదలుపెట్టాను. ఎంతవరకు వచ్చిందో తెలియదు. బండి వేగం పెంచుకుని వెళ్లిపోయింది. వాళ్లు వాళ్లేనో, చేపలు కొనుక్కుని ఇంటికి పోతున్న ఎవరో నాకు తెలియదు. ఎప్పటికీ తెలియదు.

విచారణలో ఇరవై ఆరుగురిలో తొమ్మిది మంది మాట్లాడేసరికి పొద్దు వాలింది. మిగతావాళ్లను జూలై 14న వింటామన్నారు. కాబట్టి అయిపోలేదు. మళ్లీ అదే దారి, అదే మలుపు. నాన్న మళ్లీ ఆ బరోంగే వేసుకుంటారు.

పిస్తోలును మీరు వచ్చి తీసుకెళ్లాలట, కాగితాలు ఆయన సిద్ధం చేస్తారట. ఇది నాన్న కబురు. "ఒమ్మోంగ్‌ను రెండు రోజులు ఉండేలా రమ్మను. ఈసారి ఫ్యాను వేసుకుందాం" అన్నారు.

ఇవాళ బరోంగ్ ఉతికి కిటికీ వెలుగులో పట్టుకున్నాను. కుడి నడుము దగ్గర, పిస్తోలు ఉండే చోటనే, దారాలు విడిపోయాయి. నాలుగు చోట్ల. అమ్మ పువ్వుల్లో ఒకటి సగం ఊడింది. చాలాసేపు అర్థం కాలేదు. తర్వాత నా చెయ్యి దాని మీద పెట్టి చూశాను. నాలుగు వేళ్లూ సరిగ్గా సరిపోయాయి. రేవు నుంచి హాలు దాకా ఆ బట్టను పట్టుకునే నడిచానని నాకు తెలియదు. ఆయనకు తెలిసే ఉంటుంది. విడిపించుకోలేదు.

రఫూ చేశాను. బట్ట నిలుస్తుంది.

14వ తేదీకని గోళ్లు కత్తిరించుకున్నాను. అంచులు మిగలకుండా గరుకు కాగితంతో రుద్ది, అమ్మ రుమాలు మీద లాగి చూశాను. ఎక్కడా చిక్కుకోలేదు.

మీ పెతాంగ్